బోర్డు మీద ఒక్క బిళ్ల

శాంతిరాజ్ చేసిన మూడో ఆట ఎవరికీ నచ్చలేదు. మొదటి రెండింటినీ మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ తిట్టారు.

గోదావరిఖని చౌరస్తా వెనుక సందులో అతని కంప్యూటర్ సెంటర్. ఐదు కంప్యూటర్లు, ఆడేవాళ్ల వైపు తిప్పి పెట్టిన ఒక టేబుల్ ఫ్యాను. 'నల్లబాయి' ఆటను అతనే కూర్చుని తయారు చేశాడు. మొదటి భాగంలో బొగ్గుబాయి లోపల ఒక భూతం ఉంటుంది. పారతో కొట్టి చంపాలి. రెండో భాగంలో దానికి మూడు తలలు. ఫస్టు షిఫ్టు వాళ్లు స్నానం చేసి, తల ఆరకముందే వచ్చి వరుసలో నిలబడేవాళ్లు. అందరికంటే ముందు రఘుపతి. మా బాయిలో బొగ్గు నింపే మనిషి. మూడు తలలనూ నాలుగు నిమిషాల్లో పడగొట్టేవాడని పేరు.

మూడో భాగంలో భూతమే లేదు. మనిషి బాయి దిగుతాడు, బొగ్గు నింపుతాడు, షిఫ్టు అయ్యాక లిఫ్టు దగ్గరికి వస్తాడు. మీట నొక్కితే లిఫ్టు కదలదు. ఎంతసేపు నొక్కినా అంతే.

"ఏందిరా శాంతీ గిది? ఆటనా, డ్యూటీనా?" అన్నాడు రఘుపతి. "పొద్దంత నింపింది చాలదని ఈడికొచ్చి మల్ల నింపాల్నా?"

"లిఫ్టు ఖరాబైంది, ఫిట్టర్‌ను పిలువున్రి" అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు.

శాంతిరాజ్ నవ్వలేదు. "ఖరాబ్ కాలేదన్నా. జర చూసి ఆడు."

"నాకు చెప్తవా చూసుడు? ఐతారం దాక టైము. భూతాన్ని పెట్టకుంటే మేమంత మంచిర్యాల పోయి ఆడుకుంటం."

కుర్చీలు ఖాళీ అయ్యాయి. నేను మిగిలాను. నాకు ఆటలు రావు. కానీ ఆ లిఫ్టు ఎందుకు కదలదో నాకు తెలుసు.

నేను బాయి మీద లాంపు రూములో పనిచేస్తాను. దిగేవాళ్లు తమ నంబరున్న బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే లాంపు తీసుకుంటారు. బిళ్లను బోర్డు మీద వాళ్ల నంబరు కొక్కేనికి తగిలిస్తాను. పైకొచ్చి లాంపు ఇస్తే బిళ్ల తీసి ఇచ్చేస్తాను. బిళ్ల వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఈ ఆట చేసే ముందు శాంతిరాజ్ రెండు రోజులు మా కిటికీ బయట కూర్చున్నాడు.

"సదయ్య కాకా, ఆఖరి బిళ్ల తీసేటప్పుడు నీకెట్లనిపిస్తది?"

"ఏమనిపిస్తది. ఇగ ఇంటికి పోవచ్చు అనిపిస్తది."

అది కాగితం మీద రాసుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ఆటలో లిఫ్టు పక్క గోడకు ఆ బోర్డు ఉంది. చిన్నది. దాని మీద ఒక్క బిళ్ల, ఆడే మనిషిది కాదు.

"వాళ్లకు చెప్పరాదు?" అన్నాను.

"చెప్తె ఇగ ఏమున్నది కాకా. వాళ్లకే కనవడాలె."

మూడు రోజులు ఎవరూ రాలేదు. శుక్రవారం సాయంత్రం నేను పోతే, శాంతిరాజ్ పాత భూతాన్ని తెర మీదికి తెచ్చి ఎక్కడ నిలబెట్టాలా అని చూస్తున్నాడు. "ఐతారానికి పెట్టేస్త" అన్నాడు. జ్వరం మనిషిలా ఉన్నాడు.

శనివారం ఫస్టు షిఫ్టు పైకొచ్చింది. బిళ్లలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. నూట పద్నాలుగు. రఘుపతితో జోడీగా బొగ్గు నింపే లింగమూర్తిది.

రఘుపతి స్నానం చేసి వచ్చి కొక్కెం చూశాడు. "మూర్తి బావ రాలేదా? నా ఎనకనే వచ్చిండు గదనే."

"ఎనకకు తిరిగి చూసినవా?"

రఘుపతి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. తల నుంచి నీళ్లు కారి చొక్కా తడుస్తున్నా తుడుచుకోలేదు. బిళ్లనే చూస్తున్నాడు. "నా లాంపు ఇయ్యే సదన్నా, దిగుత" అన్నాడు.

"మీ గ్యాంగు సర్దారు ఎతుకనీకి పోయిండు. ఆగు."

కిటికీ ముందు జనం పోగయ్యారు. ముప్పావు గంటకు లింగమూర్తి సర్దారు భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. "ఏంది గింతమంది? లడ్డూలు పంచుతున్నరా?"

"నీ మోకాలు పాడుగాను! ఒక్క మాట పిలువరాదు బావా?"

"పిలిస్తి, మోకాలు పట్టేసిందని. నువ్వు లిఫ్టు దిక్కు ఉరికితివి."

లింగమూర్తి లాంపు తీసుకుని, నూట పద్నాలుగు బిళ్ల అతని చేతిలో పెట్టాను.

సాయంత్రం రఘుపతి నాతోపాటు సెంటర్‌కు వచ్చాడు. శాంతిరాజ్ ముందు తెర మీద భూతం సగం కుదిరి ఉంది.

"అది అట్లనే ఉండనియ్. పక్క దాంట్ల మూడోది పెట్టు" అన్నాడు రఘుపతి.

ఆడుతూ లిఫ్టు దగ్గరికి వచ్చాడు. మీట నొక్కలేదు. మొహం తెరకు దగ్గరగా పెట్టాడు. "గిది మన బోర్డేనా?"

శాంతిరాజ్ తన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

రఘుపతి ఆటలో మనిషిని వెనక్కి తిప్పాడు. చీకట్లోకి, వచ్చిన దారినే. మూడో మలుపులో సన్నటి వెలుగు. ఒక ముసలాయన బండ మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ కలిసి లిఫ్టు దగ్గరికి నడిచారు. బోర్డు మీది బిళ్ల మాయమైంది. లిఫ్టు లేచింది. తెర తెల్లబడి ఒక్క ముక్క కనిపించింది. 'ఇంటికి పోవచ్చు.'

అది నా మాటే. నేను సందులోకి చూస్తూ నిలబడ్డాను.

రఘుపతి గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. "భూతం లేకుంటె మజా లేదురా" అన్నాడు. కొంచెం ఆగి, "అయినా పెట్టకు" అన్నాడు.

శాంతిరాజ్ భూతాన్ని మూసేశాడు. లేచి, ఫ్యానును మొదటిసారి తన వైపు తిప్పుకున్నాడు.