పొత్తు మేక

ఎనభై నాలుగో ఏడు వేసవిలో జక్రయ్యకు వచ్చిన కష్టం ఏమిటంటే, మేక చచ్చిపోయింది. మేక చస్తే అంత కష్టమేమిటని మీరడగొచ్చు. ఆ మేక లేకపోతే పక్కింటి ఆదాంతో మాట్లాడే దారి అతనికి లేదు.

ఇద్దరూ చిలకలూరిపేట అవతలి పొగాకు కంపెనీలో పనివాళ్లు. జక్రయ్యది గేటు కాపలా, ఆదాంది బేళ్లు కట్టే పని. కంపెనీ వెనకాల పక్కపక్క ఇళ్లు, బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లు. ఆ ప్రేమ పట్టలేక ఒక ఏడు పొత్తులో మేకపోతు పిల్లను కొన్నారు. క్రిస్మస్‌కి కోద్దామని జక్రయ్య అనుకున్నాడు. బక్రీదుకి కోద్దామని ఆదాం అనుకున్నాడు. కొనే ముందు ఒకరినొకరు అడగాలని ఆ మహానుభావులిద్దరికీ తోచలేదు. తీరా పండగ దగ్గరపడ్డాక మాటా మాటా పెరిగింది. ముందు తను పలకరిస్తే తన పేరు జక్రయ్యే కాదని ఇతను, ఆదామే కాదని అతను వీధంతా వినేట్టు ఒట్లు పెట్టుకున్నారు. మేక మాత్రం బతికిపోయింది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇద్దరూ మేకతోనే మాట్లాడారు. "మేకా, బోరింగు చెడిపోయిందని చెప్పరా," అని జక్రయ్య దాని చెవిలో వేసేవాడు. ఆదాం పక్కనే నిలబడి వినేవాడు. బాగుచేసేవాణ్ణి పిలిచానని దానికే జవాబిచ్చేవాడు. జక్రయ్య కూతురు రెబ్కా కాన్పు కబురూ, ఆదాం భార్య గుల్జార్ బేగం పోయినప్పటి ఓదార్పూ మేక మీదుగానే నడిచాయి. అలాంటి మేకను ఏ పండక్కి కోస్తారు? అది ముసలిదై, పళ్లూడి, తన చావు తను చచ్చింది. ఇద్దరూ కలిసి పెరట్లో గొయ్యి తీసి, నోరు మెదపకుండా పాతిపెట్టారు.

తర్వాత కొద్దిరోజులకే, సీజను కాగానే ఆదాం చీరాలలో కూతురు జాన్‌బీ ఇంటికి వెళ్లిపోతాడని తెలిసింది. జక్రయ్య గుండెలో రాయి పడింది. వెళ్లొద్దని ఒక్క మాట చెప్పాలి. చెప్పడానికి మేక లేదు.

అప్పుడే ఆకు కొనడానికి రష్యా నుంచి గెన్నాడీ అనే ఆయన దిగాడు. మన నోళ్లలో పడి గన్నయ్యగారయ్యాడు. పగలంతా పొగాకు వాసన చూసేవాడు, సాయంత్రమైతే ఏమీ తోచేది కాదు. చివరికి తన దేశపు పేకాట నేర్పుతానని వరండాలో కూర్చున్నాడు. ఆయన ఇంగ్లీషును సూపర్‌వైజర్ యలమందయ్య తెలుగులోకి దింపాడు.

ఆట నలుగురిది. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒక జట్టు. చిన్న ముక్కలు తీసేయాలి. జాకీలు ఎప్పుడూ తురుపులే, కళావరు జాకీకి ఎదురు లేదు. ఆసులూ పదులూ ఎక్కువగా ఎవరి పట్టుల్లో పడితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు మేకలు. అందరి ముందూ మేకల్లా అరవాలి, మళ్లీ ఆట మొదలయ్యేదాకా మేకలుగానే ఉండాలి. అన్నిటికన్నా గట్టి రూలు, జతగాడితో మాటా సైగా కూడదు.

మాట్లాడకుండా పేకాడటం మనవాళ్ల వల్ల అయ్యే పనా? ఆసు దాచుకోమని కూలీ నాగూర్ వలి జతగాడి మీద కేకలేశాడు. గుమాస్తా క్రీస్తుదాసు ముక్క ముక్కకీ దగ్గాడు, చెవి గోక్కున్నాడు. గన్నయ్యగారు అందర్నీ లేపేశాడు. ఏళ్ల తరబడి మాటల్లేని జంట ఒకటి మన దగ్గరే ఉందని యలమందయ్యకు అప్పుడు గుర్తొచ్చింది.

జక్రయ్యనూ ఆదాంనూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఇంక వాళ్లకు ఓటమన్నది లేదు. ఆదాం చేతిలో ఏముందో జక్రయ్యకు తన చేతిలో ఉన్నట్టే తెలిసేది. రోజూ గన్నయ్యగారూ, ఆయన జతగాడు యలమందయ్యా మేకలయ్యేవాళ్లు. గన్నయ్యగారు సంతోషంగా అరిచేవాడు. కూలీల మీద కళ్లెర్రజేసే యలమందయ్య మాత్రం అదే కూలీల ముందు నేల చూపులు చూస్తూ అరిచేవాడు. ఒకరోజు నాగూర్ వలి చనువు తీసుకుని, గడ్డి తిన్నావా మేకా అని ఆయన్ను అడిగేశాడు. రూలు ప్రకారం మేకకు కోపం రాకూడదు. అందరూ నవ్వుతుంటే జక్రయ్య ఒక్కడే నవ్వలేదు. ఓడితే ఆదాం మేక అవుతాడు. మేకతో మాట్లాడితే ఒట్టు తప్పినట్టు కాదు.

ఓడటం అంత సులువు కాదు. చేతులు అలవాటుకొద్దీ గెలిచేవి. చివరి సాయంత్రం రానే వచ్చింది, తెల్లారితే గన్నయ్యగారి ప్రయాణం. జక్రయ్య చేతికి కళావరు జాకీ వచ్చింది. విలువలేని పట్టు మీద దాన్ని వేసి పారేశాడు. అయినా భయమే, ఆదాం ఒక్కడే గెలిపించేస్తాడేమోనని. ఇంతలో ఆదాం పది ముక్క తెచ్చి గన్నయ్యగారి పట్టులో పడేశాడు. ఆ వెనకే ఆసు కూడా సమర్పించాడు. ఆదాం ఏనాడూ అలాంటి పొరపాటు చేయలేదు. జక్రయ్య తలెత్తి చూశాడు. ఆదాం తాటాకు కప్పు కేసి చూస్తున్నాడు.

ఓడిపోయారు. యలమందయ్య రష్యావాణ్ణి కావలించుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వరండా చుట్టూ జనం మూగారు. ముందు ఆదాం గొంతు సవరించుకుని మేకలా అరిచాడు. జక్రయ్య కూడా అరవబోయాడు గానీ సగమే వచ్చింది.

"మేకా," అన్నాడు ఆదాం కేసి చూసి. "మా బావకు చెప్పరా. చీరాల పోవద్దని చెప్పు."

జనం నవ్వబోయి ఆగిపోయారు. ఆదాం ముక్కలన్నీ పోగేసి సర్దాడు.

"నువ్వూ మేకవే గదా," అన్నాడు చివరికి. "మీ జక్రయ్యకు చెప్పు. ఉండమని ఒక్కరూ అనకపోతే ఎట్టా ఉంటారని అడుగు."

తెల్లారి గన్నయ్యగారు పేకను వాళ్లిద్దరికీ బహుమానంగా ఇచ్చి కారెక్కాడు. ఆయన మళ్లీ వచ్చే ఏడు దాకా ఆగక్కర్లేదు, రేపే కొత్త ఆట మొదలుపెడదామని యలమందయ్య ఉబలాటపడ్డాడు. ఆ మాట జక్రయ్య చెవిన పడింది. మళ్లీ ఆట మొదలైతే ఇద్దరూ మనుషులైపోతారు.

ఆ సాయంత్రమే పేకను గుడ్డలో చుట్టి పెరట్లోకి తీసుకెళ్లాడు. మేకను పాతిన చోటి పక్కనే గడ్డపార దించాడు. ఆదాం వచ్చి గట్టు మీద కూర్చుని, గొయ్యిలోకి తొంగి చూశాడు.

"మేకా," అన్నాడు ఆదాం, "ఇంకాస్త లోతు తియ్యమని మా బావకు చెప్పరా."