తిన్నాక మింగే మాత్ర

రంగమ్మ మచ్చపడిన పత్తిని ఏరి ఎడమపక్కకు విసురుతోంది. ఆదోని జిన్నింగు మిల్లులో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే. మొగుడు పోయాక కౌతాళం నుంచి వచ్చి ఈ పత్తికుప్ప ముందు కూర్చుంది, అంతే. తలకు గుడ్డ చుట్టుకున్నా కనుబొమల మీద నూగు పేరుకుని ముసలిదానిలా కనిపిస్తుంది. నిండా నలభై అయిదేళ్లు లేవు.

ఈరోజు కుడికాలు చాపుకుని పని చేస్తోంది. పోయిన వారం మేకు దిగిన పాదం రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ ఉబ్బింది. ఎరుపు మోకాలు దాటింది. గజ్జల్లో బిళ్ల కట్టింది.

"అక్కా, మాత్రలు మింగుతాండావా లేదా?" అంది పక్కన కూర్చున్న మద్దమ్మ.

"మింగకేం మే! సెప్పినట్టే మింగుతాండా."

నిజమే, రంగమ్మ ఎవరు చెప్పిన మాటా జవదాటే మనిషి కాదు. మునుపు పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచాయని అడిగి తెలుసుకుని, ఆసుపత్రిలో డాక్టరమ్మ సెఫలెక్సిన్ మాత్రలు రాసింది. ఇదీ పడకపోవచ్చు, దురద పుట్టినా ఆయాసమొచ్చినా పరుగెత్తి రమ్మంది. రోజుకు నాలుగు, ఏడు రోజులు, జ్వరం తగ్గినా ఆపొద్దంది. మందులిచ్చే కాంపౌండరు ఒక్క మాట కలిపాడు, "అన్నం తిన్నాక మింగు" అని. మహానుభావుడు! ఊళ్లో అందరూ నాలుగుసార్లు తింటారనుకున్నాడు కాబోలు. రంగమ్మ తినేది రెండు పూటలు. కనుక రెండే మింగింది. దద్దుర్లు లేచాయేమోనని మాత్రం రోజూ చేతులు తడిమి చూసుకుంది, పిచ్చితల్లి.

మధ్యాహ్నం మిల్లులో భోజనాల కూత వేసేసరికి రంగమ్మకు పళ్లు టకటకలాడే వణుకు పట్టుకుంది.

"ఒళ్లు కాలిపోతాంది గదక్కా! మాత్ర ఏసుకో."

"యాడ ఏసుకునేది మే? నిన్నట్నుంచి మెతుకు దిగల్యా. తినకుండా మింగితే ఏమన్నా అయితే?"

మద్దమ్మకూ అది సబబుగానే తోచింది. "అయితే రొంత తిను. నీళ్లు తెస్తా" అని లేచింది.

తిరిగొచ్చేసరికి రంగమ్మ పత్తికుప్పకు చేరగిలబడి కళ్లు మూసుకుని ఉంది. కునుకు తీయనీలే పాపం, అనుకుంది మద్దమ్మ. రెండో కూత వేశాక భుజం తట్టింది. రంగమ్మ పక్కకు ఒరిగిపోయింది.

"అక్కా! ఓ అక్కా!"

అప్పటికే మిషన్లు మొదలయ్యాయి. ఆ మోతలో ఆమె కేక ఎవరికీ వినపడలేదు.

ఒడిలో విప్పిన గుడ్డలో జొన్నరొట్టె ఉంది, ఒక అంచున తుంచి. ఆ తుంచిన ముక్క రంగమ్మ వేళ్ల మధ్యే ఉండిపోయింది.