సారిక ఆపిన అలర్టులు

బడిపంతులైన భర్త ఫిన్నీ బయల్దేరగానే సారిక ముందుగదిలో కంప్యూటరు తెరిచి కూర్చునేది. కొవ్వూరులోని ఆ ఇంటి నుంచే ఆమె ఉద్యోగం. చిన్న చిన్న ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ట్యాంకులకీ, మందుల ఫ్రిజ్‌లకీ సెన్సర్లు పెట్టారు. ఎక్కడ తేడా వచ్చినా అవి సారికకి అలర్టు పంపేవి. ఆమె ‘చూశాను’ అన్న బటన్ నొక్కి, ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాలి.

అలర్టు వచ్చినప్పుడల్లా ఇంట్లోకి గోదావరి నీళ్ళు వచ్చేవి. చీలమండల దాకా లేచి, బటన్ నొక్కగానే దిగిపోయేవి. అందుకే మంచాల కింద ఇటుకలు పెట్టుకున్నారు. ప్రార్థనకి వచ్చే పాస్టరుగారు పంచె కాస్త పైకి పట్టుకుని కూర్చునేవారు.

ఇబ్బందల్లా రాజోలు అవతల, గోదావరి మధ్య లంకలో ఉన్న ఆసుపత్రితోనే. అక్కడి సెన్సరుకి వైరు వదులు. నిండు ట్యాంకుని ఖాళీ అనేది, అంతలోనే నిండిందనేది. రోజంతా అలర్టులే. గచ్చు ఆరితే ఒట్టు. ఒకరోజు అత్తగారు సంపూర్ణమ్మ అన్నం వార్చిన గిన్నెతో వస్తూ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

కట్టు కట్టించి తీసుకొచ్చిన సాయంత్రమే సారిక సెట్టింగు మార్చింది. ఒకసారి ‘చూశాను’ అన్నాక అదే ట్యాంకు మళ్ళీ మర్నాటి దాకా అలర్టు పంపకూడదు. లంకలో ట్యాంకు చూసే జ్ఞానప్రకాశానికి ఫోన్ చేసి, సెన్సరు బాగుచేసేదాకా దాన్ని పట్టించుకోవద్దని చెప్పింది. పైఅధికారి ఉదయభాస్కర్ ఆ పద్ధతి బావుందని మెచ్చుకున్నాడు. ఇల్లు ఆరింది. సంపూర్ణమ్మ మధ్యాహ్నాలు గచ్చు మీద చాప వేసుకుని హాయిగా నడుం వాల్చేది.

ఏప్రిల్ ఎండలు ముదిరాయి. ఆ రోజు సారిక ఉదయభాస్కర్‌తో వీడియో మీటింగులో ఉంది. అలర్టులు ఎంత తగ్గాయో అతను అందరికీ చెబుతుండగా, పెరట్లోంచి సంపూర్ణమ్మ పిలిచింది.

"సారికా, బావి నిండుతోందమ్మా."

వారం నుంచీ ఆ బావిలో చేద మునిగేటన్ని నీళ్ళు కూడా లేవు. సారిక మీటింగులోంచి లేచి వెళ్ళింది. చేతికి అందేంత పైకి వచ్చాయి నీళ్ళు, ఎర్రగా, సుడి తిరుగుతూ. ఆమె చూస్తుండగానే ఇంకో రాళ్ళ వరస మునిగింది. ఆపిన అలర్టులు ఎటు పోతున్నాయో అప్పుడు అర్థమైంది ఆమెకి.

లోపలికి పరిగెత్తి, ఆగిపోయినవన్నీ తెరిచి చూసింది. అన్నీ లంక ఆసుపత్రివే. వైరు వదులైతే అంకె ఎగుడుదిగుడుగా ఉండాలి. ఇది అలా లేదు. పొద్దుటి నుంచీ మెల్లగా, ఒకే తీరున దిగుతోంది. అడుగుకి వచ్చేసింది.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎవరూ తియ్యలేదు. జ్ఞానప్రకాశం నంబరుకి చేసింది. చాలాసేపు మోగాక తీశాడు.

"మేడమ్ గారూ, ట్యాంకు మీద మీటరు సగానికి పైనే ఉందండి. ఆ సెన్సరు సంగతి మొన్న మీరే కదండీ చెప్పారు, పట్టించుకోవద్దని."

"చెప్పానండి. ఇవాళ మాత్రం నాకు భయంగా ఉంది. ఆ మీటరు అద్దం మీద ఒక్కసారి వేలితో కొట్టి చూడండి."

టక్ టక్‌మని రెండుసార్లు వినపడింది.

"ముల్లు పడిపోయిందండి," అన్నాడు.

ఫోన్ పెట్టెయ్యకుండానే పరిగెత్తాడు. సారికకి సిలిండరు బండి చక్రాల చప్పుడు, ఎవరో నర్సుని కేకెయ్యడం వినిపిస్తున్నాయి. వెనక తలుపులోంచి చూస్తే, పెరట్లో నీళ్ళు బావి గట్టు దాటి నేలంతా పారుతున్నాయి. సంపూర్ణమ్మ కట్టు ఉన్న చేతిని గుండెకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, నీళ్ళలోనే నిలబడి ప్రార్థన చేస్తోంది. సారిక వేలు బటన్ మీదే ఉంది. అవతల పని అయ్యేదాకా నొక్కలేదు.

జ్ఞానప్రకాశం రొప్పుతూ మళ్ళీ ఫోన్ అందుకున్నాడు. సిలిండర్లు తగిలించాడట. గొట్టం అతుకు దగ్గర కారుతుంటే కట్టేశాడట. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒకటి లోపల ఆక్సిజన్ మీదే ఉందట. పెదాలు నీలంగా మారుతుంటే అందించారనీ, ఇప్పుడు రంగు తిరుగుతోందనీ చెప్పాడు.

అప్పుడు నొక్కింది. బావి పెద్దగా గుటక వేసినట్టు నీళ్ళు దిగిపోయాయి.

సాయంత్రానికల్లా సారిక ఆ సెట్టింగు తీసేసింది. వైరు బాగయ్యేదాకా మళ్ళీ ఇంట్లోకి నీళ్ళొస్తాయని అత్తగారికి చెప్పుకుంది.

"ఆ బిడ్డ ఆడా, మగా?" అంది సంపూర్ణమ్మ.

"అడగలేదు అత్తయ్యగారూ."

"అడుగు మరి."

మర్నాడు ఫోన్ చేస్తే జ్ఞానప్రకాశం ఫోన్ తీసుకెళ్ళి తల్లికే ఇచ్చాడు. ఆమె పేరు దుర్గాశ్రీ. గొంతు వింటే చిన్నపిల్లలా ఉంది.

"ఆడపిల్లండి. మీరెవరండి?"

"కొవ్వూరు నుంచండి," అంది సారిక.

అవతల సన్నగా, పిల్లికూనలా ఏడుపు మొదలైంది.

"లేచిందండి, ఉంటాను," అని దుర్గాశ్రీ పెట్టేసింది.