మెత్తటి స్విచ్చి

గోనెసంచి మూతి విప్పి ఐలన్న నా బల్ల మీద గుమ్మరించాడు. అన్నీ స్విచ్చిలే. ఇక్కడినుంచి తెల్లగా వెళ్ళినవి, పసుపుబారి, మూలలు మాడి తిరిగొచ్చాయి.

"స్టోర్ల ఇంక రెండు సంచులున్నయి సార్," అన్నాడు. ఐలన్న మా స్టోరు చూస్తాడు. చెడ్డ కబురు చెప్పాలంటే అతని గొంతు మరీ నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఎక్కడివి ఇవన్నీ?"

"దుకాన్లోళ్ళు వాపస్ పంపిన్రు. సేఠ్ మిమ్మల్ని రమ్మంటుండు."

ఆ స్విచ్చి నాది. అంటే నేను గీసింది. తొంభై నాలుగు నాటి మాట ఇది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మందుల కంపెనీల గోడలకి ఆనుకుని ఉన్న ఆ చిన్న షెడ్డులో డిజైన్ పని నేనొక్కణ్ణే చూసేవాణ్ణి. డిజైన్ అంటే పేరు గొప్పగా ఉంటుంది గానీ, నేను చేసేదల్లా బజార్లో బాగా అమ్ముడుపోయే స్విచ్చి ఒకటి కొనుక్కొచ్చి, పగలగొట్టి, ముక్కముక్కా కొలిచి, అలాంటిదే ఇంకోటి గీయడం. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ చేరినప్పటినుంచీ అదే పని. జుట్టంతా ఆ పనిలోనే ఊడింది. యాభై దగ్గరపడ్డాక, ఒక్కటంటే ఒక్కటి నా బుర్రలోంచి పుట్టింది గీయాలనిపించింది. గీశాను. అదే ఈ స్విచ్చి.

మా పాత మోడల్లో వంచిన రేకే స్ప్రింగు పని కూడా చేసేది. నొక్కితే ఖంగుమని స్విచ్చీ మోగేది, నొక్కిన వేలూ మోగేది. నేను గీసినదాన్లో నొక్కే మీట లోపల చిన్న స్ప్రింగు, దాని కొసకి సన్నటి నైలాన్ ముక్క ఉంటాయి. నేను కాగితం మీద ప్లంజర్ అని రాస్తే, స్విచ్చిలు బిగించే ఆడవాళ్ళు దాన్ని పుల్ల అన్నారు. చివరికి నేనూ పుల్లే అన్నాను. పుల్ల కింద ఒక ఇత్తడి పలక, పిల్లలు చెరోవైపు కూర్చుని ఊగే బల్లలాగా నడుం మీద నిలబడి ఉంటుంది. మీట నొక్కుతుంటే పుల్ల పలక మీద జారుతూ నడుం దాకా వస్తుంది. స్ప్రింగు అణిగిపోతూ ఉంటుంది. నడుం దాటిందా, ఇక మన వేలితో పనిలేదు. స్ప్రింగే పుల్లని అవతలికి తన్ని పలకని పడేస్తుంది. టక్. అటో ఇటో పడాలి తప్ప నడిమధ్య నిలబడే వీల్లేదు. నిలబడిందంటే కరెంటు అంటీ అంటనట్టు మెరుస్తూ లోపల కరెంటు కలిసే వెండి చుక్కల్ని కాల్చేస్తుంది.

ఆ నడుం ఎక్కడ పెట్టాలి, స్ప్రింగు ఎంత అణగాలి అన్న లెక్క మీద ఎన్ని ఆదివారాలు తగలేశానో నా భార్య అన్నపూర్ణకి తెలుసు. "ఆ స్విచ్చితోనే కాపురం చేసుకోండి," అనేది.

నేను చేత్తో బిగించిన మొదటి స్విచ్చి గట్టిగానే వచ్చింది. చేత్తో అరగదీసిన ముక్కలు కదా, అచ్చులో పోస్తే నునుపొస్తుందిలే అనుకున్నాను. అనుకున్నట్టే, ఆడవాళ్ళ బల్ల మీంచి దిగిన మొదటి లాట్ వెన్నలా ఉంది. మా యజమాని సేఠ్ ఒకసారి నొక్కి, మళ్ళీ నొక్కి, "ఏం జేసిన్రు సార్, మస్తుగ దిగుతుంది," అన్నాడు. దుకాణాలవాళ్ళూ అదే అన్నారు. ఆ సాయంత్రం బస్సెక్కబుద్ధి కాక ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాను. అంత దూరం నడిచినా కాళ్ళు నొప్పెట్టలేదు.

ఇప్పుడు సేఠ్ గదిలో నిలబడితే నొప్పెడుతున్నాయి.

"నడుమల ఆగుతున్నయట సార్. అటు గాదు, ఇటు గాదు. ఒగలింట్ల బోర్డే మాడిపోయిందట," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎదుటివాడి మాట సగంలో ఉండగానే తన మాట మొదలుపెడతాడు, అంతే.

"చూస్తానండి, బహుశా..."

"శనివారం దాంక జూడుర్రి. ఎందుకైతుందో చెప్పి, గీ మెత్తదనం పోకుండ మంచిగ చేస్తనంటే నడుపుదం. లేకుంటే ఆ అచ్చు తీసి పక్కన పెట్టుర్రి. పాత బటనే మల్ల షురూ చేద్దం. నాకీ పరేషాన్ వద్దు."

మా షెడ్డులో పక్కన పెట్టిన అచ్చు తుప్పుపట్టి తూకానికి పోతుంది. దాంతోపాటు నా స్విచ్చీ పోతుంది. ఇంకోటి గీసే ఓపిక నాకు లేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, లేదు.

శుక్రవారం దాకా తిరిగొచ్చిన స్విచ్చిలు విప్పుతూ కూర్చున్నాను. స్ప్రింగులు తీసి చూస్తే బలం తగ్గలేదు. పలకల నడుం అరగలేదు. పుల్లల పొడవు సరిగ్గానే ఉంది. కానీ ప్రతిదాన్లోనూ పుల్ల తన గూట్లోనే బిగుసుకుపోయింది. పట్టకారుతో లాగితే నల్లటి బంకతో ఊడొచ్చింది.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పటాన్‌చెరులో పనిచేసేవాడికి ముక్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మందుల కంపెనీలు వదిలే కంపుకి అది ఎప్పుడో పనిచేయడం మానేసింది. అయినా ఈ వాసన పట్టింది. మాడిన కొబ్బరినూనె.

మిషన్లకి పోసే నూనె ఇలా ఉండదు. తలెత్తి చూశాను. నా గది అద్దానికి అవతలే ఆడవాళ్ళ బల్ల. చివర కూర్చున్నది నర్సింహమ్మ. కొండాపూర్ దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సు మారి వస్తుంది. పొలం ఉంది గానీ బోరు ఎండిపోయింది. పుల్ల బిగించడం మిగతావాళ్ళకి నేర్పింది ఆవిడే. బిగించిన ప్రతి స్విచ్చినీ బొటనవేలితో నొక్కి, టక్‌మంటేనే పెట్టెలో వేస్తారు. పాత మోడల్ రోజుల్లో ఆవిడ ఆ వేలికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకునేది. ఇంటికెళ్ళాక అన్నం కలుపుకోవడానికి వేలు వంగేది కాదట. కొత్తది వచ్చాక ట్యూబు తీసేసింది. "మంచి బటన్ జేసిన్రు సార్, మీరు సల్లగుండాలె," అని నాతో అన్నది కూడా ఆవిడే.

నర్సింహమ్మ గిన్నెలోంచి పుల్ల తీసింది. ఆ చేయి తిన్నగా స్ప్రింగు దగ్గరికి పోలేదు. పైకి లేచి, పాపిడి పక్కన జుట్టులో ఒకసారి గీసుకుని కిందికి దిగింది. పుల్ల గూట్లో సులువుగా కూర్చుంది. ఇంకో పుల్ల. చేయి మళ్ళీ తలలోకి. పక్కనావిడా అంతే, ఆ పక్కనావిడా అంతే. బల్ల పొడుగునా చేతులు తలల్లోకి పోయి వస్తున్నాయి. ఇన్నాళ్ళూ రోజూ చూస్తూనే ఉన్నాను. జుట్టు సర్దుకుంటున్నారనుకున్నాను.

బొంత కుట్టేటప్పుడు మా అమ్మ సూదిని అలాగే తలలో రాసుకునేది. నూనె అంటితే ఎంత మందపు గుడ్డలోనైనా సూది దిగుతుంది. అన్నపూర్ణా అంతే. ఎవరూ నేర్పక్కర్లేదు. గట్టిగా దిగే సన్నటి వస్తువు వేళ్ళ మధ్యకి వస్తే ఆ చేయి తనంతట తనే తల మీదికి పోతుంది.

నాకు లేచి గంతెయ్యాలనిపించింది. తప్పు స్ప్రింగుది కాదు, నడుంది కాదు, నాది అసలే కాదు. నూనె కొత్తలో బాగానే జారనిస్తుంది. తర్వాత వేడికీ దుమ్ముకీ బంకై, పుల్లని గూట్లో పట్టేసి, పలకని నడిమధ్య వదిలేస్తుంది. ఆడవాళ్ళ తలలకి గుడ్డలు కట్టిస్తే సరి, నా స్విచ్చి బతుకుతుంది.

సేఠ్‌కి చూపించడానికి నూనె తగలని స్విచ్చి ఒకటి కావాలి. స్టోరు నుంచి కొత్త ముక్కలు తెప్పించి, సబ్బుతో చేతులు కడుక్కుని నేనే బిగించాను. నా తలలో రాయడానికి ఎలాగూ ఏమీ లేదు.

నొక్కాను. గట్టిగా ఉంది.

విప్పి మళ్ళీ బిగించాను. ఇంకొకటి బిగించాను. టక్‌మని అటు పడుతోంది, ఇటు పడుతోంది, నడుమ ఆగడం లేదు. కానీ గట్టిగా ఉంది, మొదట్లో నేను చేత్తో చేసినదాని లాగే. పాత మోడల్ కంటే ఏమంత మేలు కాదు. నేను బిగిస్తే ఎప్పుడూ అంతే. నాది బట్టతల కదా.

అప్పుడు నీరుగారిపోయాను. సేఠ్ మెచ్చుకున్నదీ, దుకాణాలవాళ్ళు ఎగబడి కొన్నదీ, నేను బస్సెక్కకుండా నడిచిందీ, అన్నీ ఆ తలనూనె చలవే. స్విచ్చిలకి వేసే గ్రీజు వేరే ఉంటుంది, వేడికి బంక కట్టనిది. దాని ధర వింటే సేఠ్ నన్నే బయటికి నడవమంటాడు. నడుం జరిపి మెత్తన చేయాలంటే కొత్త అచ్చు కావాలి. అది అడిగే ధైర్యమూ లేదు, అడిగినా ఇవ్వడు.

సాయంత్రం బస్సు కోసం బయటికొస్తుంటే నర్సింహమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని ఎదురొచ్చింది.

"బటన్లు వాపస్ వచ్చినయంట సార్. మా చేతుల ఏమన్న కసరున్నదా?"

పొద్దున రాసిన నూనె ఆవిడ పాపిడి దగ్గర ఇంకా మెరుస్తోంది.

"లేదమ్మా. మీ పని బాగానే ఉంది."

"మరి జల్దీ ఏదో ఒకటి చేయున్రి. పాత బటన్ మల్ల తెస్తరని అందరు అంటున్నరు. అదొస్తే నా ఏలు పని జెయ్యది," అని బస్సు వైపు వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి రెండు స్విచ్చిలు అన్నపూర్ణ చేతిలో పెట్టాను, నేను బిగించింది ఒకటి, బల్ల మీంచి తెచ్చింది ఒకటి. బియ్యం ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టి రెండూ నొక్కి చూసింది.

"ఇది హాయిగా ఉందండీ," అని బల్ల మీంచి తెచ్చినదే ఎత్తింది. "రెండూ మీవేనా?"

"ఒకటి నాది."

"ఇదేగా?"

రెండూ తీసుకుని జేబులో వేసుకున్నాను. ఆవిడ మళ్ళీ చేట ఒళ్ళోకి లాక్కుంది.

శనివారం సేఠ్ గదికి వెళ్తూ దారిపొడుగునా అదే ఆలోచన. నూనె సంగతి చెబితే తలలకి గుడ్డలు కట్టించడంతో ఆయన ఊరుకోడు. సంచుల కొద్దీ సరుకు పోయిన కోపం ఎవరి మీదో ఒకరి మీద దిగాలి. ఇది ఎవరు నేర్పారని అడుగుతాడు. నర్సింహమ్మని సోమవారం గేటు దగ్గరే ఆపేస్తారు. పోనీ దానివల్ల నా స్విచ్చి బతుకుతుందా అంటే, నూనె లేని స్విచ్చి ఆయనకక్కర్లేదు. చెప్పినా పోతుంది, చెప్పకపోయినా పోతుంది. చెబితే ఇంకో మనిషి కూడా పోతుంది, అంతే తేడా. ఇదేదో నా మంచితనం అనుకోకండి. ఆవిడ గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే చూసే ఓపిక నాకు లేదు.

"ఏం దొరికింది సార్?"

"స్ప్రింగు లెక్క తప్పిందండీ."

"మంచిగైతదా?"

"నావల్ల కాదు."

సేఠ్ నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "గందుకే నేనంటి. కాపీ కొట్టుకుంట పోతే ఏ లొల్లి లేకుండె," అని, సొరుగులోంచి బజారు స్విచ్చి ఒకటి తీసి నా ముందుకి తోశాడు. "దీన్ని జూడుర్రి. నిమ్మళంగనే."

దాన్ని జేబులో వేసుకుని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. విప్పాలనిపించలేదు. మధ్యాహ్నానికి ఐలన్న మనుషుల్ని పెట్టి నా అచ్చుని మిషన్ మీంచి దింపించాడు.

పాత మోడల్ మళ్ళీ బల్ల మీదికొచ్చింది. దాన్లో స్ప్రింగూ లేదు, పుల్లా లేదు, నూనె పెట్టే చోటే లేదు. కొన్నాళ్ళకి ఏదో కొలత చూడ్డానికి ఆ బల్ల దగ్గరికి వెళ్ళాను. నర్సింహమ్మ బొటనవేలికి మళ్ళీ ట్యూబు ముక్క ఎక్కింది. నన్ను చూసి చేతిలో పని ఆపింది.

"మీరు సేఠ్ తోని జెర గట్టిగ మాట్లాడేదుండె సార్."

"ఏమని?"

"గా బటన్ మంచిదని. నాలుగు వాపస్ రాంగనే గట్ల ఇడిసిపెడ్తరా? మీరు గీసింది మీరే ఇడిసిపెడ్తె ఇగ ఎవరు కొట్లాడాలె? మా ఏళ్ళ దిక్కన్న సూడొద్దా?" గొంతు పెంచలేదు గానీ కోపంగానే అంది. పక్కవాళ్ళు తలలు వంచుకున్నారు.

"స్ప్రింగు సరిగ్గా కుదరలేదమ్మా."

"మీకెర్కలేదు సార్. నా ఏలికి ఎర్క. గా స్ప్రింగు మంచిది. గంత మెత్తగ జేసుడు ఇంకొకలతోని గాదు."

అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఏడుపూ వచ్చింది. యాభై ఏళ్ళవాణ్ణి, స్విచ్చి గురించి ఏడుపేమిటని నా మీద నాకే కోపమొచ్చింది. నర్సింహమ్మ మళ్ళీ పనిలో పడింది. చేయి అలవాటుగా తల దాకా లేచి, వేళ్ళ మధ్య పుల్ల లేదు కదాని దిగిపోయింది. స్విచ్చి బిగించి, ట్యూబు చుట్టిన వేలితో పళ్ళు బిగబట్టి నొక్కింది.

నేను చూడాల్సిన కొలత చూడటం అయిపోయింది. ఆవిడ అన్నది నిజం కాదని నాకు తెలుసు. అయినా ఆ మాట ఇంకోసారి అంటుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.