అతకని ముక్కలు

పెరట్లో తులసి నాటాలన్నా పంచాంగం తిరగేసే మా అవ్వ, అక్క కడుపులో మూడో నెల బిడ్డను తీయించడానికి మాత్రం ఏ ముహూర్తమూ చూడలేదు.

మా అక్క గిరిజ మొదటి బిడ్డ శ్రవణ్‌కు ఐదేళ్లొచ్చినా మాట రాలేదు, పైగా ఫిట్స్. మేనమామను కట్టుకుంటే ఇంతేనని పెద్ద మార్కెట్లో మామ అంగడి చుట్టుపక్కలంతా తీర్మానించారు. ఆస్తి బయటికి పోకూడదని తన కొడుక్కే ఇచ్చి ఆ పెళ్లి చేసింది అవ్వే. తప్పు మాత్రం మా నాయన వైపు నుంచి అక్క తెచ్చుకున్న రక్తానిదట!

శ్రవణ్‌దీ, అక్కదీ, మామదీ జన్యుపటాలు తీసింది నేను పనిచేసే ల్యాబే. డీఎన్‌ఏ ముక్కల మీది గుర్తులను ప్రామాణిక పటంతో సరిపోల్చి, ఏ ముక్క ఎక్కడిదో సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. సగం అతికి సగం అతకని ముక్కలుంటే అక్కడ లోపం ఉండొచ్చు, ఆగి చూడాలి. మా పెద్దసారు రామానుజం అలాంటివన్నీ చెత్తలోకి పోయేలా సెట్టింగ్ బిగించి పెట్టాడు. రిపోర్టు త్వరగా, శుభ్రంగా వస్తుందని! శ్రవణ్ రిపోర్టూ లోపమేమీ లేదనే వచ్చింది. యంత్రానికే దొరకలేదంటే రక్తమే చెడ్డదని అవ్వ తేల్చేసింది.

అక్కను ఆస్పత్రిలో చేర్చిన రోజు పొద్దున్నే సెట్టింగ్ సడలించి మళ్లీ నడిపాను. శ్రవణ్ పటంలో ఒకచోట పెద్ద భాగమే లేదు. అక్కదీ మామదీ అదే చోట చక్కగా సరిపోయాయి. అంటే ఆ లోపం బిడ్డలోనే కొత్తగా పుట్టింది. ఆ పటాలు పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లాను.

“రిపోర్ట్ ఎప్పుడో ఇచ్చేసినామ్మా,” అన్నాడు రామానుజం. “ఇప్పుడు మారిస్తే పాత రిపోర్టులకంతా ఎవురు బదులు చెప్పేది?”

“మీరే చెప్పాల సార్! ఆడ మా అక్క కడుపు తీసేస్తా ఉండారు!”

“ఎమోషనల్ కావద్దు. నేను సైన్ పెట్టను.”

ఆ సంతకం ఆయన్నే దాచుకోమని స్కూటీ తీశాను.

వార్డులో అక్క ఆస్పత్రి గౌనులో మంచం మీద కూర్చుని ఉంది. పక్కనే కుర్చీలో అవ్వ.

“అక్కా, శ్రవణ్‌కు వచ్చింది నీ వల్ల కాదు, మామ వల్లా కాదు. ఈ బిడ్డకు మళ్లా రావడం శానా అరుదు. కావాలంటే ముందే టెస్టు చేసి చూస్తారు.”

“ఏందే నీ కంప్యూటర్ కత! ఆడ డాక్టరమ్మ కాచుకోని ఉంది,” అంది అవ్వ.

అక్క కళ్లలో నీళ్లు లేవు. ఐదేళ్లుగా తల దించుకుని అన్నీ పడ్డ మనిషి, ఆ గదంతా వినబడేలా అంది. “నా రక్తం చెడిందంటివే అవ్వా. నా బిడ్డ మొకం చూసే అంటివే.”

మంచం దిగింది.

“నా చెప్పులు యాడ?”

అవ్వ కదల్లేదు. చెప్పులు ఆమె చీర కుచ్చిళ్ల కిందే ఉన్నాయి, పాదాల కింద నొక్కిపెట్టి.

“కాలు తియ్ అవ్వా,” అంది అక్క.