"తీయి" బటన్

మురళీకృష్ణకు ఒళ్లు మండిపోయింది. యాప్ తనది. జూలూరుపాడులో ఇంటి వరండాలో కూర్చుని, ఉద్యోగానికి సెలవు దొరికినప్పుడల్లా రాసి రెండేళ్ల కిందట జనంలోకి వదిలాడు. మిరప చేనుకు ఏ మందు ఎప్పుడు కొట్టారో రైతులు ఏడాదికో పుస్తకంలా రాసుకునే యాప్. ఉచితం. కోడ్ కూడా అందరికీ తెరిచే పెట్టాడు. తప్పు కనబడితే ఎవరైనా చెప్పొచ్చు, దిద్ది పంపొచ్చు. చెప్పొచ్చన్నాడు గానీ, మరీ ఇంతగానా?

ములకలపల్లి దగ్గరి తండాలో ఉండే హేమ్లి వారానికి మూడు బగ్గులు, అంటే యాప్‌లో తప్పులు, పట్టుకొచ్చేది. ఏ ఫోన్లో ఏది నొక్కితే ఏమైందో ఫొటోతో సహా. ఒకరోజు ఒక రైతు యాప్ పేజీలో "హేమ్లక్క యాప్ మస్తుంది" అని రాశాడు. హేమ్లక్క యాప్ అట! ఆ రోజు మురళీకృష్ణకు అన్నం సయించలేదు.

మర్నాడే ఆమె మళ్లీ రాసింది.

"అన్నా, పుస్తకం కింద 'తీయి' అని పెట్టిన్రు గదా. మీ లెక్కల అది తీసేసుడు. మా తండోళ్లు తలుపు తీసినట్టు తీసుడనుకుంటున్రు. నొక్కంగనే పుస్తకం పోతంది. దిద్ది పంపిన. పోయిన పుస్తకం నెల రోజుల దాక దాచి ఉంచేటట్టు గూడ చేసిన."

ఒప్పుకుంటే యాప్ చేసినవాళ్ల జాబితాలో ఆమె పేరు చేరుతుంది. ఇన్నాళ్లూ అక్కడున్నది ఒక్క పేరే. నాకు తెలుగు నేర్పుతుందా అనుకున్నాడు. "ఇది బగ్ కాదు" అని రాసి ఫిర్యాదు మూసేశాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పది రోజులకు తల్లి భారతమ్మ చేలోంచి ఫోన్ పట్టుకుని వచ్చింది.

"మురళీ, పోయినేడు పురుగు ఎప్పుడు తగిలిందో చూద్దామని తీసిన. ఏం లేదేందిరా?"

"ఏం నొక్కావమ్మా?"

"'తీయి' అని ఉందిగా. తీసిన."

మురళీకృష్ణ ఫోన్ లాక్కున్నాడు. కిందా మీదా పడి వెతికాడు. పుస్తకం లేదు. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆమె రాసుకున్నది. మా వాడు చేసిన యాప్ అని ఊరంతా చూపించుకున్నది.

"గిట్ల పోతదని ముందే నీకెవరూ చెప్పలేదా?"

లేదనడం ఎంతసేపు? నోటిదాకా వచ్చింది కూడా. ఆమె కళ్లజోడు చూసి ఆగిపోయాడు.

"చెప్పింది."

"ఎవరు?"

ఆ పేరు అతని నోట ఎప్పుడూ రాలేదు. "హేమ్లి. దిద్ది కూడా పంపింది. నేనే మూసేశా."

భారతమ్మ అతని చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుంది.

"అయితే ఆ పిల్ల నంబర్ ఇవ్వు. ఇంక ఏదన్నా ఉంటే ఆమెనే అడుగుత."