చిటికెనవేలి నుంచి చెవి దాకా

ఆ ఉదయం మా ఇంట్లో యుద్ధం సబ్బుముక్క మీద మొదలైంది.

మామయ్యగారు సబ్బు అరిగి కాగితంలా అయినా పారేయరు. దాన్ని తడిపి, కొత్త సబ్బు వీపున అతికించి, రెండూ ఒకటయ్యేదాకా బొటనవేలితో నొక్కుతారు. పచ్చ సబ్బు మీద గులాబీరంగు ముక్క కనిపిస్తే అత్తయ్యకి ఒళ్ళు మంట. గోటితో పెకలించి చెత్తబుట్టలో వేస్తుంది. ఆయన వెతికి మళ్ళీ తీస్తారు.

"ఊరందరికీ చేతులు కడుక్కోమని చెప్పే డాక్టరు చెత్తబుట్టలో చెయ్యి పెడతారా?" అంది అత్తయ్య, బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడి.

"సబ్బు కోసమేగా పెట్టాను. దాంతోనే కడుక్కుంటాను," అన్నారాయన లోపల్నుంచి.

నేను నవ్వు కనపడకుండా పాలగిన్నె వైపు తిరిగాను. మా ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తారు. ఈ ఇంట్లో ఇలాంటి తగాదాలకి తీర్పు చెప్పే పని కొన్నాళ్ళుగా చిన్న డాక్టరమ్మది. అందుకని అత్తయ్యా, తల బయటపెట్టిన మామయ్యగారూ మేడమెట్ల వైపు చూశారు.

మామయ్యగారు ఈ ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకీ ఉన్న ఒకే ఒక్క డాక్టరు. ఇంటి ముందుగదే క్లినిక్. పల్లెల్లో వైద్యం చేయడం నేర్చుకోవాలనుకునే కుర్ర డాక్టర్లని వాళ్ళ కాలేజీ వాళ్ళు అప్పుడప్పుడు ఆయన దగ్గరికి పంపిస్తారు. అలా వచ్చి మా మేడమీది గదిలో దిగింది చిన్న డాక్టరమ్మ. వచ్చిన కొత్తలో స్టెతస్కోప్ మెడలో వేసుకునే భోజనానికి కూర్చునేది. ఎవరు దగ్గినా పట్నంలో చూపించుకోమని రాసేది. "అమ్మా, పట్నానికి బస్సు రోజుకి రెండుసార్లే. దగ్గు అంతకంటే ఎక్కువసార్లు వస్తుంది," అన్నారు మామయ్యగారు. పిల్ల ఎర్రబడింది గానీ, ఆ రోజు నుంచి పెన్ను తీసేముందు కాసేపు ఆలోచించడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఏ ఇంట్లో మందులు ఎవరు దాస్తారో, ఏ ముసలాయన మాత్ర మింగినట్టు నటించి కిటికీలోంచి ఊసేస్తాడో నాకంటే ఆ పిల్లకే బాగా తెలుసు.

ఆ ఉదయం మెట్లు దిగి వచ్చింది కానీ తీర్పు చెప్పలేదు.

"సర్, ఫోనొచ్చింది. గురువారం ప్రొఫెసరుగారు వస్తున్నారట. పొద్దంతా క్లినిక్‌లో మూల కూర్చుని నేనెలా చూస్తున్నానో చూస్తారు. పాసైతే ఆదివారం నేను ఇంకో ఊరికి వెళ్ళాలి."

"పాసవకపోతే?" అంది అత్తయ్య. మరీ తొందరగా అడిగింది.

"ఇంకో ఆరు నెలలు ఇక్కడే, పెద్దమ్మా." ఆ పిల్ల మొహం వాడిపోయింది. "తప్పితే మా నాన్నకి మొహం చూపించలేను."

అత్తయ్య సబ్బుముక్కని తనే తీసి మామయ్యగారి చేతిలో పెట్టి వంటింట్లోకి వచ్చింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఆవిడ బాధ ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పోయిన వానాకాలం మామయ్యగారు పక్క పల్లెలో రాత్రి కాన్పు చూసి వస్తూ స్కూటరుతో సహా కాలవగట్టు కింద పడ్డారు. తెల్లవారాక పాలవాడు చూసి లేపాడు. కప్ప అడ్డొచ్చింది, తప్పించబోయాను అన్నారు. మేమందరం ఆ కప్పని నమ్మినట్టు నటించాం. చిన్న డాక్టరమ్మ వచ్చాక రాత్రి పిలుపులన్నీ ఆ పిల్ల తీసుకుంది. అత్తయ్య రాత్రిళ్ళు కంటినిండా నిద్రపోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ పిల్ల వెళ్ళిపోతే స్కూటరు మళ్ళీ మామయ్యగారిదే. మానేయమంటే మానే మనిషి కాదు.

"అమ్మాయ్," అంది అత్తయ్య నాతో, గొంతు తగ్గించి. "ఆ పిల్ల తప్పితే ఏమవుతుంది? ఆరు నెలలేగా. పైగా మన చేతి అన్నం తిని కాస్త ఒళ్ళు చేస్తుంది."

"పాపం కదండీ, అత్తయ్యా."

"పాపమే. నేను కాదన్నానా?" అంటూ చెప్పులు వేసుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ రెండిళ్ళకి వెళ్ళి వచ్చింది. దర్జీ ఇంటికొకటి, రిటైరైన హెడ్మాస్టారి ఇంటికొకటి. వాళ్ళిద్దరూ గురువారం పొద్దున క్లినిక్‌కి రావాలి. దర్జీ ఏ ప్రశ్నకీ తిన్నగా జవాబు చెప్పకూడదు. హెడ్మాస్టారు అసలు జవాబులే చెప్పకుండా ఎదురు ప్రశ్నలు వేయాలి. ప్రొఫెసరు ఎదుట ఆ పిల్ల తడబడాలి, ఇంకా నేర్చుకోవాల్సింది ఉందని ఆయన రాయాలి. అంతే పథకం.

"మీరు తప్పు చేస్తున్నారు," అన్నాను.

"తెలుసు. నువ్వు చీటీలిచ్చేటప్పుడు వాళ్ళిద్దరినీ ముందు పంపు."

కాంపౌండరు సెలవు పెడితే గుమ్మం దగ్గర చీటీలిచ్చేది నేనే. గురువారం ఆయన సెలవు. అది కూడా అత్తయ్య ఏర్పాటేనని నాకు తర్వాత తెలిసింది.

ప్రొఫెసరుగారు నలగని చొక్కాతో, మెరిసే బూట్లతో వచ్చి క్లినిక్‌లో బరువుతూచే మిషను పక్కన కూర్చున్నారు. మామయ్యగారు మందుల బీరువా దగ్గర స్టూలు మీద. నేను గుమ్మంలో, కర్టెన్ ఒక చేత్తో పట్టుకుని. అత్తయ్య వరండాలో బల్ల మీద, చెవి గోడకి ఆనించి.

ముందు దర్జీ వెళ్ళాడు.

"ఎక్కడండీ నొప్పి?" అంది చిన్న డాక్టరమ్మ.

"నొప్పని ఎవరన్నారు?"

"మరి ఏం ఇబ్బంది?"

"ఇబ్బంది లేని మనిషి ఎవరమ్మా లోకంలో?"

ప్రొఫెసరుగారు కాలు మీద కాలు వేసుకున్నారు. ఆ పిల్ల పెన్ను మూతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత తన జాకెట్టు చేతి కుట్టు వైపు చూపించి, "ఇది పట్నంలో కుట్టించాను. ఒకసారి చూస్తారా? లాగినట్టుంటోంది," అంది.

అంతే. దర్జీ ముందుకి వంగి, ఆ కుట్టు కుట్టినవాణ్ణీ, వాడికి పని నేర్పినవాణ్ణీ కలిపి తిట్టి, అసలు చేతికుట్టు ఎలా తిప్పాలో చూపించబోయాడు. బొటనవేలు వంగలేదు. "ఇదుగో, ఇదేనమ్మా, సూది పట్టు దొరకట్లేదు. నెలైపోయింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు," అన్నాడు. ఆ తర్వాత వేసిన ప్రతి ప్రశ్నకీ చంటిపిల్లాడిలా జవాబు చెప్పాడు. బయటికొస్తూ అత్తయ్య వైపు చూడకుండా చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

"ద్రోహి," అంది అత్తయ్య.

హెడ్మాస్టారు కుర్చీలో కూర్చోగానే, "రక్తపోటు అంటే ఏమిటి? సోదాహరణంగా వివరించు," అన్నారు. చిన్న డాక్టరమ్మ టక్కున లేచి, చేతులు కట్టుకుని, క్లాసులో పిల్లలా నిలబడి చెప్పింది. ఇంటి కుళాయిగొట్టంతో పోలిక కూడా చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నారు.

"ఇప్పుడు నా వంతు మాస్టారూ. మాత్రలు వేసుకుంటున్నారా?"

హెడ్మాస్టారు అబద్ధం ఆడలేరు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని అబద్ధమాడినందుకు నిలబెట్టిన మనిషి. "మానేశాను," అన్నారు నేల చూస్తూ. పావుగంటలో మళ్ళీ వేసుకుంటానని ఒప్పుకున్నారు. పోతూ పోతూ ప్రొఫెసరు దగ్గర ఆగి, "నూటికి తొంభై వేయొచ్చు. దస్తూరికి పది తగ్గించండి," అని సిఫారసు కూడా చేశారు.

వరండాలో అత్తయ్య లేచి నిలబడింది. పైట సర్దుకుంది. "చీటీ ఇవ్వు," అంది నాతో.

"అత్తయ్యా, వద్దు."

"ఇస్తావా, నన్నే రాసుకోమంటావా?"

ఇచ్చాను. ఆవిడ గుమ్మం దాటగానే కుంటడం మొదలుపెట్టింది. ఏ కాలో నిర్ణయించుకోలేదు కాబోలు, కుర్చీ చేరేలోపు రెండు కాళ్ళూ కుంటింది.

చిన్న డాక్టరమ్మ ఆవిణ్ణి చూసి లేచి నిలబడింది. "సర్, నేను చూడలేను," అంది ప్రొఫెసరుతో. "ఈవిడింట్లోనే ఉంటాను. ఈవిడ వండిందే తింటాను. ఈవిడకి ఒంట్లో బాగోలేదంటే నాకు కంగారొస్తుంది. కంగారులో సరిగ్గా చూడలేను."

ప్రొఫెసరుగారు తలూపి మామయ్యగారి వైపు చూశారు. "అయితే మీరు చూడండి."

"నేను ఆవిడ భర్తనండీ," అన్నారు మామయ్యగారు. "పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ నా మాట ఒక్కటీ వినలేదు. మందు చెప్తే మాత్రం వింటుందా?"

గదిలో మిగిలింది ఒక్క డాక్టరే. ఆ సంగతి ప్రొఫెసరుగారికి కాస్త ఆలస్యంగా తట్టింది. గొంతు సవరించుకుని వచ్చి డాక్టరు కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీ ఒక కాలు పొట్టి. కూర్చున్నవాళ్ళని ఒక పక్కకి ఒరగేస్తుంది. ఆయన ఒరిగారు.

"చెప్పండమ్మా."

"కాలి చిటికెనవేలి దగ్గర మొదలవుతుంది బాబూ," అంది అత్తయ్య నీరసంగా. "మోకాలి దగ్గర కాసేపు ఆగుతుంది. అక్కణ్ణించి నడుము దగ్గర మలుపు తిరిగి, వీపెక్కి, చెవిలో కూర్చుంటుంది."

"ఏ చెవిలో? ఎడమా, కుడా?"

"దాని ఇష్టం."

"భోజనం చేస్తే తగ్గుతుందా?"

"నాతోపాటే తింటుంది."

ఆయన ఆవిడ కళ్ళలోకి లైటు వేశారు, మడమ గీరారు. మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే అత్తయ్య కాలు ఎంత ఎత్తుకి లేపిందంటే బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు ఆయన ఒళ్ళో పడింది. పుస్తకాల్లో ఉన్న ఏ జబ్బూ ఆ దారిలో ప్రయాణించదు కదా, ఆయన నుదుట చెమట పట్టింది. రక్తపరీక్షలు రాశారు. వెన్ను స్కాన్ రాశారు. కాసేపాగి తల స్కాన్ కూడా రాశారు. మామయ్యగారు మందుల బీరువా వైపు తిరిగి సీసాలు సర్దుతున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

తల స్కాన్ అనేసరికి అత్తయ్య కుంటు, నీరసం అన్నీ మానేసి, "తలకెందుకు బాబూ?" అంది మామూలు గొంతుతో.

ప్రొఫెసరుగారు కలం ఆపి చిన్న డాక్టరమ్మ వైపు తిరిగారు. "ఈవిడ ఎవరో నీకు తెలియదనుకో. నువ్వైతే ఏం చేసేదానివి?"

"పరీక్షలు రాసేముందు ఇంకొక్కటి అడిగేదాన్ని సర్."

"ఏమిటది?"

"దేనికి భయపడుతున్నారు అని."

అత్తయ్య పైటకొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"మీరు ఈ పిల్లని పాస్ చేస్తారని," అంది చివరికి.

ప్రొఫెసరుగారికి అర్థం కాలేదు. ఆవిడ ఆయనకే చెప్పింది, కానీ చూపు బీరువా దగ్గరున్న మనిషి మీదే ఉంది. "ఈయన రాత్రిపూట బండి మీద నిద్రపోతారు. కాలవగట్టు కింద తెల్లారేదాకా పడున్నారు. ఈ పిల్ల వచ్చాకే నాకు నిద్రపడుతోంది. వెళ్ళిపోతే మళ్ళీ వీధి తలుపు దగ్గర కూర్చోవాలి. అందుకే నేనూ, ఆ దర్జీ, హెడ్మాస్టారూ… ఆ పిల్లని తప్పించాలనుకున్నాం. మీరు నాకేం రాయక్కర్లేదు. నాకే జబ్బూ లేదు."

"నిద్రపోలేదు," అన్నారు మామయ్యగారు, సీసా చేత్తో పట్టుకునే. "కప్ప అడ్డొచ్చింది."

"నిద్రపోయే మనిషికి కప్ప ఎలా కనిపించింది?"

మామయ్యగారు ఆ సీసాని బీరువాలో తప్పు అరలో పెట్టారు. అలాంటి పొరపాటు ఆయన చేయగా నేను చూడటం అదే మొదటిసారి.

చిన్న డాక్టరమ్మ వచ్చి అత్తయ్య పక్కన నేలమీద కూర్చుంది. "నన్ను తప్పిద్దామనుకున్నారా పెద్దమ్మా?"

"అనుకున్నాను. చేతకాలేదు. నువ్వు బాగా చూస్తున్నావు, ఏం చేయను?" అంది అత్తయ్య కోపంగా, కళ్ళు తుడుచుకుంటూ.

ప్రొఫెసరుగారు తను రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఒరిగిన కుర్చీలో నవ్వితే ఆగడం కష్టమనుకుంటాను, చాలాసేపు నవ్వారు. పిల్ల పాసైందని అప్పుడే, అందరి ఎదుటే చెప్పేశారు.

మధ్యాహ్నం ఆయన కారెక్కబోతుంటే అత్తయ్య గేటు దాకా వెళ్ళింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, మాటలు వినపడలేదు. ముందు ఆయన ఏదో అడిగారు. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ ఏదో అన్నారు. ఈసారి ఆవిడ కారు తలుపు మీద చెయ్యి వేసి, చూపుడువేలు ఎత్తి, కూరగాయలవాడితో మాట్లాడే పద్ధతిలో మాట్లాడింది. ఆయన ఆ తలుపు మూసుకోవడానికి చాలాసేపు పట్టింది.

రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు తలెత్తకుండా తింటున్నారు. చిన్న డాక్టరమ్మ ఆదివారం ప్రయాణం గురించి ఉత్సాహంగా మొదలుపెట్టి, అత్తయ్య వైపు చూసి ఆపేసింది. మా ఆయన నీళ్ళ చెంబు కోసం చూస్తున్నారు. అత్తయ్య అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, మొదటి ముద్ద కలిపాక అంది.

"నాకు ఉద్యోగం వచ్చింది."

మా ఆయనకి పొలమారింది.

"వాళ్ళ కాలేజీలో పరీక్షలకి రోగం లేని రోగులు కావాలట. ఉన్నట్టు నటిస్తే కుర్ర డాక్టర్లు కనిపెట్టాలి. నాలాంటి రోగిని ఆయన ఇంతవరకూ చూడలేదట. నెలకి నాలుగు రోజులు వెళ్తాను."

"నువ్వా? పట్నానికి? ఒక్కదానివే?" అన్నారు మామయ్యగారు.

"కారు పంపిస్తారు. నేను ఒక షరతు పెట్టాను. మన మేడమీది గది ఖాళీగా ఉండకూడదు. ఈ పిల్ల ఆదివారం వెళ్తే శనివారమే ఇంకొకరు దిగాలి. వాళ్ళ తర్వాత ఇంకొకరు. రాత్రి పిలుపులు ఇక వాళ్ళవే. ఏ రోజు గది ఖాళీ అయితే ఆ రోజు నుంచి నా ఆరోగ్యం పూర్తిగా బాగుంటుంది, రోగిగా పనికిరానని చెప్పాను. ఒప్పుకున్నారు."

"రాత్రి పిలుపులు నావి కావని ఎవరు నిర్ణయించారు?"

"నేను. స్కూటరు తాళం మీ అబ్బాయి దగ్గరుంది."

మామయ్యగారు కొడుకు వైపు చూశారు. కొడుకు అన్నం వైపు చూశారు. ఇంకెవరైనా తన తరఫున మాట్లాడతారేమోనని ఆయన నావైపూ, చిన్న డాక్టరమ్మ వైపూ చూశారు. ఆ పిల్ల మజ్జిగ పోసుకుంటూ, "ఒకరాత్రి పడుకుంటే అలవాటవుతుంది సర్," అంది.

ఆయన విస్తరి ఖాళీ చేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగారు.

"సరే. వచ్చేవాళ్ళకి ఆ పొట్టికాలు కుర్చీ బాగుచేయించాలి," అన్నారు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగారు. "ఇంతకీ మొదటిసారి నీకేం జబ్బు ఇస్తున్నారట?"

"అది బయటికి చెప్పకూడదు," అంది అత్తయ్య, ఇంకో ముద్ద కలుపుతూ. "పరీక్ష పాడైపోతుంది."